ప్రకటన నొక్కిన తరువాత

ప్రియమైన పిల్లలకు,

మీలో కొందరు డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుంటామంటున్నారు, కొందరు డిజైన్ వైపు వెళతామంటున్నారు. ఒకటి జనాన్ని రప్పించే పని, మరొకటి స్క్రీన్‌కు రంగులద్దే పని అని వాటిని విడదీసి చూస్తున్నారు. ఆ విడదీత నాకు నచ్చదు. ప్రకటన చూసి ఒక మనిషి దాన్ని నొక్కాక ఎదురయ్యే పేజీ బాగా లేకపోతే, ప్రకటనకు పెట్టిన డబ్బంతా నీళ్లపాలే. శుభలేఖ అందంగా అచ్చువేయించి, పెళ్లికి వచ్చినవాళ్లను పలకరించే దిక్కు లేకుండా గుమ్మంలో నిలబెట్టినట్టు ఉంటుంది.

ఇంటర్‌ఫేస్ అంటే కంటికి కనిపించేది, వేలికి తగిలేది: బటన్లు, అక్షరాలు, ఫారాలు. యూజర్ ఎక్స్‌పీరియన్స్ అంటే వచ్చిన పని ముగిసేదాకా ఆ మనిషి పడిన శ్రమ, కలిగిన నమ్మకం, పుట్టిన చిరాకు, అన్నీ కలిపి. ఇవి డిజైనర్ల సొంత గొడవ అనుకోకండి. గూగుల్‌లో ప్రకటనల స్థానాలు వేలంపాటలో తేలుతాయి. అక్కడ ఎక్కువ పాడినంత మాత్రాన పైచోటు దక్కదు. జనం ఆ ప్రకటనను నొక్కే అవకాశం ఎంత, వాళ్లు వెతికినదానికి అది ఎంత దగ్గరగా ఉంది, నొక్కాక తెరుచుకునే పేజీ ఎంత పనికొస్తుంది అన్నవీ లెక్కలోకి వస్తాయి. అంటే పేజీ బాగుంటే తక్కువ పాటతోనూ పైకి రావచ్చు.

మీకు తప్పక తెలియవలసిన ఉదాహరణ ఒకటి ఉంది. 2007 చివర అమెరికాలో బరాక్ ఒబామా ఎన్నికల ప్రచార వెబ్‌సైట్‌లో, సందర్శకుల ఈమెయిల్ అడిగే మొదటి పేజీ ఎలా ఉండాలని ప్రశ్న వచ్చింది. గూగుల్ నుంచి వచ్చి ఆ బృందంలో చేరిన డాన్ సిరోకర్ వాదనలకు దిగకుండా పరీక్ష పెట్టాడు. బటన్లు నాలుగు రకాలు, ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపి ఆరు. ఒక్కో బటన్‌ను ఒక్కోదానితో జతచేస్తే 24 రూపాలు. వచ్చినవారికి ఒక్కొక్కరికి ఒక్కో రూపం చూపించారు. వీడియోయే గెలుస్తుందని బృందం అనుకుంది. తీరా చూస్తే వీడియోలన్నీ ఫొటోల కంటే వెనకబడ్డాయి. ఒబామా కుటుంబం ఫొటో, ‘మరింత తెలుసుకోండి’ అన్న బటన్ కలిసిన రూపం గెలిచింది. పాత పేజీలో నమోదయ్యేవారు 8.26 శాతం ఉంటే, కొత్తదానిలో 11.6 శాతానికి చేరారు. పాత బటన్ ‘నమోదు చేసుకోండి’ అని అడిగేది. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని వెంటనే సంతకం అడిగితే వెనకాడతాడు, ముందు విషయం చెబితే కూర్చుంటాడు. ఆ గెలుపును నేను అలా అర్థం చేసుకుంటాను.

పరీక్ష పెట్టకుండానే సరిచేయగలిగినవి కూడా చాలా ఉన్నాయి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ ఒక కొలత పెట్టింది. మీ కొత్త ఫోనులో, ఇంటి వైఫైలో అది సులువే. పాత ఫోనులో, సిగ్నల్ సరిగా అందని ఊళ్లో చూడండి. బొమ్మ ఆలస్యంగా వచ్చి పేజీ ఒక్కసారిగా కిందికి జరిగితే, ‘రద్దు’ నొక్కబోయిన వేలు ‘చెల్లించు’ మీద పడుతుంది. బొమ్మ ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్నది కోడ్‌లో ముందే రాసిపెడితే ఆ చోటు ఖాళీగా ఉండి ఈ ప్రమాదం తప్పుతుంది. ఫారంలో ఫోను నంబరు అడిగేచోట అంకెల కీబోర్డు తెరుచుకోవాలి. పిన్‌కోడ్ ఇచ్చాక జిల్లా, రాష్ట్రం మళ్లీ ఎందుకు అడగాలి?

తెలుగులో పేజీలు చేసేవాళ్లకు ఇంకో బాధ్యత ఉంది. మన అక్షరాలకు తలమీద గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులు ఉంటాయి. ‘రాష్ట్రం’ అని రాసి చూడండి, రెండు ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లిషుకు సరిపోయేలా కొలిచిన బటన్‌లో ఆ మాట పెడితే ఒత్తు తెగిపోతుంది, లేదా కింది వరుసను ఢీకొంటుంది. వరుసల మధ్య ఎడం పెంచాలి, బటన్ ఎత్తును బిగించేయకుండా మాటతో పాటు పెరగనివ్వాలి. తెగిన అక్షరాలతో డబ్బు చెల్లించమని అడిగే పేజీని మా వయసువాళ్లు నమ్మరు. నమ్మకపోవడమే మంచిదని కూడా నేను అంటాను.

ఇక నా మనసుకు కష్టంగా ఉన్న విషయం. పరీక్షలో ఏ బటన్‌ను ఎక్కువమంది నొక్కారో తెలుస్తుంది. నొక్కినందుకు తరువాత ఎందరు బాధపడ్డారో ఆ లెక్కలో ఉండదు. అందుకే మోసం కూడా పరీక్షలో నెగ్గుతుంది. ‘ఇంకా రెండే మిగిలాయి’ అన్న అబద్ధం, అడగకుండానే బుట్టలో చేరిన విరాళం, విమాన టికెట్‌తో బీమా వద్దన్నవాడికి ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అని ఒప్పుకోవలసిన బటన్: వీటిని డార్క్ ప్యాటర్న్‌లు అంటారు. బ్రిటన్ డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ 2010లో పెట్టిన పేరు అది. మన దేశంలో 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటివి 13 రకాలు గుర్తించి, వాటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు జారీ చేసింది.

వీటిలో చందా ఉచ్చు అన్నిటికంటే చెడ్డదని నా అభిప్రాయం. చేరడం ఒక్క నొక్కుతో అయిపోతుంది, బయటపడడానికి దారి దొరకదు. అమెజాన్ ప్రైమ్ చందా రద్దు చేసుకోవాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్‌లు, పదిహేను ఎంపికలు దాటవలసి వచ్చేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో కోర్టుకెక్కింది. సంస్థ లోపల ఆ ప్రక్రియను ‘ఇలియడ్’ అని పిలుచుకునేవారట, సుదీర్ఘ యుద్ధగాథ పేరు! తప్పు ఒప్పుకోకుండానే 2025 సెప్టెంబర్‌లో 250 కోట్ల డాలర్లకు అమెజాన్ రాజీపడింది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికి. ఆ పేజీలను ఎవరో తెలివైన యువతీయువకులే గీసి ఉంటారు. రేపు మీ బల్ల దగ్గరికీ అలాంటి పని వస్తుంది. ‘రద్దు బటన్ కొంచెం చిన్నదిగా, కొంచెం బూడిద రంగులో పెట్టు’ అంటారు. అప్పుడు ఈ మార్గదర్శకాలను బల్లమీద పెట్టి, నేను గీయనని చెప్పే హక్కు మీకుంది. వాడుకోండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీకు నచ్చిన ఏదైనా ప్రకటనను నొక్కి, దాని వెనకున్న పేజీని ఇంట్లో, చుట్టుపక్కల అయిదుగురి చేతికివ్వండి. అందులో ఒకరైనా అరవై దాటినవారుండాలి. కొనడం, చివరి నిమిషంలో వద్దనుకోవడం, రెండూ చేసి చూపమనండి. మీరు పక్కన మౌనంగా కూర్చోండి, వేలు పెట్టి చూపకండి. ఎక్కడ ఆగారో, ఏ మాటను రెండుసార్లు చదివారో రాసుకుని నాకు పంపండి. పండక్కి వచ్చినప్పుడు కాగితం మీద ఆ పేజీని మళ్లీ గీద్దాం.

ప్రేమతో,
మీ పెదనాన్న