కాంతితో ఉపరితలాల గరుకుదనం కొలవడం: అపోహలు – వాస్తవాలు

అపోహ: కొలిచే పరికరం బ్రోషర్‌లో నానోమీటరు రిజల్యూషన్ (విడదీసి చూపగల అతి చిన్న కొలత) అని ఉంటే అంతటి సన్నని గీత కూడా కనిపిస్తుంది.

వాస్తవం: ఆ నానోమీటరు ఎత్తుకు సంబంధించినది మాత్రమే. తెల్లని కాంతితో పనిచేసే ఇంటర్‌ఫెరోమీటర్‌లో (రెండు కాంతి పుంజాలను కలిపి ఎత్తు కొలిచే పరికరం) ఆబ్జెక్టివ్‌ను, అంటే ముక్కకు ఎదురుగా ఉండే కటకాన్ని, నిలువుగా కదుపుతూ, వ్యతికరణ పట్టీలు (ఆ పుంజాలు కలిసినప్పుడు ఏర్పడే వెలుగు-చీకటి చారలు) ఏ ఎత్తులో అత్యంత స్పష్టంగా ఏర్పడ్డాయో ఒక్కొక్క పిక్సెల్ వద్ద చూసి ఉపరితలాన్ని నిర్ణయిస్తారు. కనుక ఎత్తు విషయంలో ఆబ్జెక్టివ్ 5ఎక్స్ (5 రెట్లు పెద్దగా చూపేది) అయినా 50ఎక్స్ అయినా పెద్ద తేడా రాదు. అడ్డంగా మాత్రం పరిమితిని కాంతి తరంగదైర్ఘ్యం, ఆబ్జెక్టివ్ న్యూమరికల్ అపెర్చర్ (కటకం ఎంత వెడల్పు కోణంలోని కాంతిని పట్టుకోగలదో చెప్పే అంకె) నిర్ణయిస్తాయి. 550 నానోమీటర్ల కాంతికి, 0.3 అపెర్చర్ ఉన్న 10ఎక్స్ ఆబ్జెక్టివ్ విడదీయగలిగేది సుమారు 1.1 మైక్రాన్లు. అంతకన్నా దగ్గరగా ఉన్న గీతలు కలిసిపోతాయి, వాటి లోతు కూడా ఉన్నదానికన్నా తక్కువగా నమోదవుతుంది.

అపోహ: తెరపై చిత్రం నిండుగా ఉంటే కొలత సరిగ్గా వచ్చినట్టే.

వాస్తవం: మా పనిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. నునుపైన వాలు మీద పడిన కాంతి పక్కకు పరావర్తనం చెంది ఆబ్జెక్టివ్‌లోకి తిరిగి రాకపోతే ఆ పిక్సెల్ ఖాళీగా మిగులుతుంది. 0.3 అపెర్చర్‌కు ఈ హద్దు దాదాపు 17 డిగ్రీలు, 0.55కు 33 డిగ్రీలు. సిలికాన్‌పై పొటాషియం హైడ్రాక్సైడ్‌తో చెక్కిన వి-ఆకారపు గాడి గోడలు 54.7 డిగ్రీల వాలులో ఉంటాయి, అంటే 0.55 అపెర్చర్ కూడా వాటిని నేరుగా చూడలేదు. అయినా రిపోర్టులో అందమైన తిన్నని గోడలు వస్తుంటాయి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెళ్ళ ఆధారంగా ఖాళీలను పూడ్చేస్తుంది. అంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది: ఒక గోడ మీద పడిన కాంతి ఎదుటి గోడను తాకి వెనక్కి వచ్చినప్పుడు, గాడి అడుగున నిజంగా లేని గుట్ట కనిపించవచ్చు. అందుకే పూడ్చకముందు ఉన్న పటాన్ని ముందు చూడాలి, చెల్లుబాటైన పిక్సెళ్ళ శాతాన్ని రిపోర్టులో రాయాలి. అమ్మేవారు డెమోలో చూపే నాణెం మీద ఇటువంటి ఇబ్బందులు అంతగా బయటపడవు. కొనేముందు మన సొంత ముక్కనే తీసుకువెళ్ళడం మేలు.

అపోహ: ఎత్తు ఎత్తే, పదార్థం ఏదైనా ఒకటే.

వాస్తవం: పరావర్తనం సమయంలో కాంతి తరంగపు దశలో (ఫేజ్) వచ్చే మార్పు లోహానికి ఒకలా, గాజుకు మరొకలా ఉంటుంది. గాజు మీది బంగారు గీత మందాన్ని ఇంటర్‌ఫెరోమీటర్‌తో నేరుగా కొలిస్తే కొన్ని పదుల నానోమీటర్ల తేడా రావచ్చు. గీత మందమే 100 నానోమీటర్లయితే ఆ తేడాను ఉపేక్షించలేము. ముక్కను పాడుచేసినా ఫరవాలేదనుకుంటే మొత్తం మీద ఒకే లోహపు పలుచని పూత వేసి కొలవడం తేలికైన దారి. పారదర్శక పొరలున్నచోట పై అంచు నుంచీ అడుగు అంచు నుంచీ రెండు సంకేతాలు వస్తాయి, పొర మరీ పలుచనైతే అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

అపోహ: స్టైలస్‌తో (ఉపరితలం మీద జరిపే సూదితో) వచ్చిన సగటు గరుకుదనం ఆర్‌ఏ, కాంతితో వచ్చిన సగటు గరుకుదనం ఎస్‌ఏ ఒకే అంకె కావాలి.

వాస్తవం: ఆర్‌ఏ ఒక గీత వెంట లెక్కించేది, ఐఎస్ఓ 25178 అనే అంతర్జాతీయ ప్రమాణం నిర్వచించిన ఎస్‌ఏ ఒక వైశాల్యం మీద లెక్కించేది. పైగా 0.8 మిల్లీమీటర్ల కటాఫ్‌తో (సన్నని గరుకుదనాన్ని పెద్ద అలల నుంచి వేరుచేసే పొడవు హద్దు) స్టైలస్ సాధారణంగా 4 మిల్లీమీటర్ల మేర కొలిస్తే, 50ఎక్స్ ఆబ్జెక్టివ్ ఒకసారి చూసే వెడల్పులో ఆ కటాఫ్ ఒక్కటి కూడా పట్టదు. స్టైలస్ మొన వ్యాసార్థం 2 లేదా 5 మైక్రాన్లు కనుక అది సన్నని లోయల అడుగు దాకా దిగదు. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో ఆర్‌ఏ అని ఉంటే, అదే కటాఫ్‌తో, గ్రైండింగ్ గీతలకు అడ్డంగా తీసిన ప్రొఫైళ్ళ మీదనే లెక్కించి ఇవ్వాలి.

అపోహ: ఫోకస్ వేరియేషన్ పరికరం (ఫోకస్‌ను మారుస్తూ, ఏ ఎత్తులో చిత్రం స్పష్టంగా ఉందో చూసి కొలిచేది) ఒకటి ఉంటే అన్నిటికీ సరిపోతుంది.

వాస్తవం: అది పక్క పిక్సెళ్ళ మధ్య ఉండే కాంట్రాస్ట్ మీద ఆధారపడుతుంది. అద్దంలా పాలిష్ చేసిన ఉపరితలంలో దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఏటవాలుగా, గరుకుగా ఉండే కటింగ్ టూల్ అంచుల మీద మాత్రం దానికే నా ఓటు.