కొత్తూరు నుంచి కె.టి. రోడ్డు దాకా: తిరుపతి వీధుల పేర్ల వెనుక కథ

తిరుపతిలో పేర్ల గురించి కొన్నేళ్లుగా చర్చ నడుస్తూనే ఉంది. 2022 జనవరిలో కొత్త జిల్లాల ముసాయిదా వెలువడినప్పుడు ఈ జిల్లా పేరు శ్రీబాలాజీ. ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడేసరికి అది తిరుపతి జిల్లా అయింది. ఊరి మధ్య గరుడ వారధి పేరుతో పని మొదలుపెట్టిన పైవంతెనను 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు పేరుతో ప్రారంభించారు. రామానుజులు ఊరికి పునాది వేసిన రోజంటూ 2022 నుంచి ఫిబ్రవరి 24న తిరుపతి ఆవిర్భావ దినోత్సవం జరుపుతున్నారు. ఈ పెద్ద పేర్ల మీద మాట్లాడేవారికి కొదవ లేదు. బండ్ల వీధి, తీర్థకట్ట వీధి, బేరి వీధి, కర్నాల వీధి, గొల్లవానిగుంట లాంటి పేర్లను పట్టించుకునేవారే కరువయ్యారు. అవి ఎప్పటివో, ఎవరు పెట్టారో, ఏ కాగితంలో ఉన్నాయో వెతికి నలుగురికీ చెప్పే పని ఇప్పుడైనా మొదలుపెట్టాలి. ఆ వెతుకులాటకు దారి చూపేంత నేపథ్యం ఇక్కడ ఇస్తున్నాను.

మొదటి ఊరు ఇప్పుడున్న చోట లేదు. కొండ పాదంలో, కపిలతీర్థం వైపు కొత్తూరు అనే పల్లె ఉండేది. చిదంబరం నుంచి వచ్చిన గోవిందరాజస్వామిని రామానుజులు 1130లో ఇక్కడ ప్రతిష్ఠించారని సంప్రదాయ చరిత్ర చెబుతుంది. గుడి వెలిశాక దాని చుట్టూ ఇళ్లు వచ్చాయి. కొత్తూరు జనం మెల్లగా గుడి దగ్గరికి చేరారు. రామానుజుల పేరు మీద ఆ కొత్త వాడ రామానుజపురం అయింది. కొత్తూరు ఉన్న దారిని ఇవాళ మనం కె.టి. రోడ్డు అంటున్నాం. ఆ రెండు అక్షరాలు కపిలతీర్థానివి. ఆ తీర్థానికీ ఇంకో పేరుండేది. వైష్ణవులు దాన్ని ఆళ్వారు తీర్థం అన్నారు. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో దాని చుట్టూ రాతి మెట్లు కట్టారు. పల్లె పేరు, తీర్థం పాత పేరు, కొత్త పేరు అన్నీ రెండు పొడి అక్షరాల వెనక్కి వెళ్లిపోయాయి. ఆ రోడ్డు మీద నిలబడి, ఇక్కడే తిరుపతి మొదలైందని పిల్లలకు చెప్పే బోర్డు ఒక్కటి ఉంటే ఎంత బాగుండును!

గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న మాడ వీధులు ఊరేగింపు కోసం పుట్టిన వీధులు. స్వామి వాహనం తిరగాలి, తేరు మలుపు తిరగాలి, జనం రెండు పక్కలా నిలబడాలి. వెడల్పు, మలుపులు, ఇళ్ల అరుగులు అన్నీ దాన్నిబట్టే అమరాయి. గోపురానికి ఎదురుగా సాగేది సన్నిధి వీధి. వీటికి పేరు పెట్టమని ఎవరూ తీర్మానం చేయలేదు. అక్కడ జరిగే పనే పేరైంది. నాలుగు కాళ్ల మండపం దీనికి మంచి సాక్ష్యం. నాలుగు రాతి స్తంభాలు, పైన కప్పు, అంతే కట్టడం. చుట్టూ ఆటోలు, మోటారు సైకిళ్లు, పూల బండ్లు. ఇలాంటి మండపాలు గుడి ఊళ్లలో ఉత్సవమూర్తిని కాసేపు దించి ఉపచారాలు చేసేందుకు కట్టినవి. ఇప్పుడు అది ఆటో ఎక్కేటప్పుడు చెప్పే గుర్తు. పేరు మాత్రం చెక్కుచెదరలేదు. మండపం ఎందుకు కట్టారో తెలియని కుర్రవాడి నోట కూడా ఆ పేరు రోజూ పలుకుతోంది.

గుడి వీధుల కాలానికి ఆధారాలు వెతికేవారికి తిరుపతి గొప్ప వరం. తిరుమల, తిరుపతి, తిరుచానూరు గుడుల గోడల మీద వెయ్యికి పైగా శాసనాలు ఉన్నాయి. ఎక్కువ భాగం తమిళం, మిగతావి తెలుగు, కన్నడ, సంస్కృతం. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటి పండితులు వాటిని చదివి నకళ్లు తీయగా, 1930లలో దేవస్థానం ఆరు సంపుటాలుగా అచ్చు వేయించింది. రాజుల పేర్లు మాత్రమే వెతికితే ఆ సంపుటాల్లో సగం విషయం జారిపోతుంది. ఏ తోట నుంచి పూలు రావాలి, ఏ కాలువ ఎక్కడికి తవ్వించారు, ఏ ఉత్సవం నాడు స్వామి ఏ మండపం దగ్గర ఆగుతారు, ప్రసాదంలో ఎవరి వంతు ఎంత, ఇదంతా అందులో ఉంది. సాళువ నరసింహరాయల కాలంలో కందాడై రామానుజయ్యంగార్ నడిపిన రామానుజకూటాలు, అంటే యాత్రికులకు అన్నం పెట్టిన సత్రాలు, ఆ శాసనాల్లోనే కనబడతాయి. వీధి పేరు వెతికేవాడు ఈ చిన్న చిన్న వివరాల దగ్గరే ఆగాలి.

విజయనగరం పోయింది, నవాబులు వచ్చారు, వెళ్లారు, 1801లో ఊరు కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, చేతికి వచ్చింది. 1843లో గుడి నిర్వహణ హథీరాంజీ మఠం మహంతుల, అంటే మఠాధిపతుల, చేతికి వెళ్లి, 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా వారి దగ్గరే ఉంది. హథీరాంజీ మఠం ఉత్తరాది బైరాగులది. ఊళ్లో బైరాగిపట్టెడ పేరు వింటున్నప్పుడల్లా ఆ తొంభై ఏళ్లు గుర్తుకు రావాలి. పట్టెడ అంటే సాగు చేసుకునే నేల. ఇప్పుడక్కడ మేడలు తప్ప మరేమీ కనబడవు. మహంతుల కాలంలోనే, 1886లో, తిరుపతి పురపాలక సంఘం ఏర్పడింది. పేర్లకు అధికారిక తీర్మానాలు, రిజిస్టర్లు అనేవి అప్పటి నుంచే ఉంటాయి. 2007లో నగరపాలక సంస్థ అయ్యాక కొత్త కాలనీలు, కొత్త డివిజన్లు వచ్చి పాత హద్దులు చెరిగిపోయాయి.

నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టింపు ఉన్నది గుంటల పేర్ల మీద. తాతయ్యగుంట, కొర్లగుంట, గొల్లవానిగుంట, ఊరి అంచున తుమ్మలగుంట. కొండ మీద పడిన వాన దిగువకు వచ్చి నిలిచే చోట్లు ఇలాంటివే. ఎవరో గొల్లవాడు పశువులకు నీళ్లు పెట్టుకున్న గుంట, చుట్టూ తుమ్మచెట్లున్న గుంట అని పేర్లే చెబుతున్నాయి. ఊరు పెరిగి ఇళ్లు వచ్చాయి. నీళ్లకు మాత్రం పాత దారి గుర్తుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి లోతట్టు ప్రాంతాలు మునిగినప్పుడు, ఇళ్లలోకి నీళ్లు ఎందుకు వచ్చాయని అందరూ అడిగారు. కాలువలు పూడిపోయాయి, ఆక్రమణలు పెరిగాయి, నిజమే. కానీ ఒక ప్రాంతం పేరులోనే గుంట ఉన్నప్పుడు అక్కడ ఇల్లు కట్టేవాడికి, అనుమతి ఇచ్చేవాడికి ఆ పేరు ముందే కనబడాలి. గుంట అనే మాట తీసేసి ఏదో నగర్ అని బోర్డు పెడితే ఆ హెచ్చరికను చేజేతులా చెరిపేసినట్టే. ఈ ఒక్క కారణానికే పాత పేర్లను పటాల మీద నిలబెట్టాలని అంటాను.

తాతయ్యగుంట అనగానే గంగమ్మ. తాతాచార్యుల పేరు మీదుగా ఆ గుంటకు ఆ పేరు వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఏటా మే నెలలో జాతర. అవిలాల నుంచి కైకాల కులపెద్దలు సారె తెస్తారు, చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదని కట్టుబాటు. ఆడవాళ్లను వేధించిన పాలెగాడిని, అంటే ఆ ప్రాంతాన్ని ఏలిన దొరను, వెతుకుతూ గంగమ్మ వేషాలు మార్చి వీధివీధీ తిరిగిందని కథ. అందుకే బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకో రూపు. ఆ వేషం ఏ వీధిలో నడుస్తుంది, ఏ ఇంటి ముందు ఆగి హారతి తీసుకుంటుంది, ఎక్కడ మలుపు తిరుగుతుంది అనేది ఆ కుటుంబాలకు తరతరాలుగా తెలుసు. చాటింపు వేసేవారికి ఊరి పొలిమేరలు తెలుసు. పాత తిరుపతి హద్దులు కాగితంలో దొరక్కపోతే జాతర దారిలో దొరుకుతాయి. ఆ దారిని పెద్దల దగ్గర కూర్చుని రాసుకోవడం, పటం మీద గీయడం ఇప్పటికే ఆలస్యమైంది.

ఇరవయ్యో శతాబ్దపు పేర్లు తేలిక. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు స్వాతంత్ర్యోద్యమానివి. ప్రకాశం రోడ్డులో టంగుటూరి ప్రకాశం పంతులు ఉన్నారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. మద్రాసుతో పంపకాలు జరిగినప్పుడు చిత్తూరు జిల్లా ఎటు వెళ్తుందనేది పెద్ద తగాదా. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా అది చల్లారలేదు. అలాంటి జిల్లాలో ఒక వీధికి ప్రకాశం పేరు ఉండటాన్ని ఆ నేపథ్యంలోనే చూడాలి. ఇక లీలామహల్ కూడలి, వి.వి. మహల్ రోడ్డు సినిమా హాళ్ల పేర్లు. జనం వాడి వాడి ఖాయం చేశారు.

ఈ కాలంలోనే పొడి అక్షరాల జబ్బు మొదలైంది. గోవిందరాజస్వామి మాడ వీధి జి.ఎస్. మాడ వీధి అయింది. ముత్యాలరెడ్డిపల్లె ఎం.ఆర్. పల్లె అయింది. ఆలిండియా రేడియో బైపాస్ రోడ్డు కాస్తా ఎయిర్ బైపాస్ రోడ్డై కూర్చుంది. విమానాశ్రయం రేణిగుంట దగ్గర ఉంటే, కొత్తగా వచ్చినవారు ఆ పేరు విని దాన్ని విమానాశ్రయం రోడ్డు అనుకోవడంలో వింత లేదు. ఆకాశవాణి కేంద్రం పేరు అలా గాలిలో కలిసిపోయింది.

పరిశోధన అంటే విశ్వవిద్యాలయంలోనే జరగాలని లేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో, చంద్రగిరి తాలూకాలో ఉండేది. కాబట్టి పాత రెవెన్యూ కాగితాల కోసం చెన్నైలోని ఎగ్మూరు ఆర్కైవ్స్ దాకా వెళ్లాలి. అక్కడ ఇనాం రిజిస్టర్లు, అంటే మాన్యాల లెక్కల పుస్తకాలు, చూడాలి. కర్నాల వీధి కరణాల వీధే అని వినగానే అనిపిస్తుంది. అనిపిస్తే చాలదు, కరణం ఇనాం ఇళ్లు ఆ వీధిలో ఉన్నట్టు రిజిస్టరు చెప్పాలి. బేరి వీధికి బేరి శెట్లు అనే వ్యాపారులతో ముడి వేసేటప్పుడూ ఇంతే జాగ్రత్త అవసరం. ఇంట్లో పెట్టెలో ఉన్న పాత క్రయదస్తావేజు ఇంకా మంచి ఆధారం. చెక్కుబందిలో తూర్పుకు ఫలానా వీధి, పడమరకు ఫలానా వారి పెరడు, ఉత్తరానికి గుంట కట్ట అని రాసి ఉంటుంది. అదే స్థలానికి ముప్పై నలభై ఏళ్ల ఎడంతో రాసిన రెండు దస్తావేజులు పక్కపక్కన పెడితే పేరు ఎప్పుడు మారిందో తేలిపోతుంది.

దొరికినదాన్ని పంచుకునేటప్పుడు ఏది శాసనంలో ఉంది, ఏది రిజిస్టరులో ఉంది, ఏది పెద్దల నోటి మాట అని విడివిడిగా చెప్పాలి. నోటి మాట తక్కువదేమీ కాదు, దాని లెక్కలో దాన్ని ఉంచితే చాలు. నగరపాలక సంస్థ 1886 నుంచి ఉన్న తీర్మానాల పుస్తకాల్లో పేర్లకు సంబంధించిన పుటలను నకలు తీసి అందరికీ అందుబాటులో పెట్టాలి. కొత్త రోడ్లకు పేరు ఖరారు చేసే ముందు ఆ చోటుకు పాత పేరు ఏముందో తీర్మానంలోనే రాయాలి. బోర్డు మీద పొడి అక్షరాల కింద పూర్తి పేరు తెలుగులో ఉండాలి. దీనికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు, కె.టి. రోడ్డుతోనే మొదలుపెట్టవచ్చు.