అంగడికీ యువజన సంఘానికీ పొత్తు: అపోహలు, వాస్తవాలు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో యువజన సంఘం వాళ్లొచ్చారంటే అంగడాయన చెయ్యి ముందుగా గల్లాపెట్టె మీదికి పోతుంది. వినాయక చవితి చందా పుస్తకం అలవాటు చేసిన పని అది. నూటపదహార్లు రాసి పంపించేస్తాడు. పిలకాయలకు పని నేర్పించే పొత్తు కావాలంటే ఆ పుస్తకం ఇంట్లో పెట్టి వెళ్లాలి.

అపోహ: సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ప్రతి వ్యాపారీ డబ్బు ఇచ్చి తీరాలి.

2013 కంపెనీల చట్టం ఈ బాధ్యత పెట్టింది కంపెనీల మీదే. అవైనా అన్నీ కాదు. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉండాలి. మూడింట్లో ఒకటి తాకినా చాలు, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. మన చుట్టూ ఉన్న రైసు మిల్లులు, రొయ్యల మేత డీలర్లు, గ్రానైటు పాలిషింగ్ యూనిట్లలో చాలావరకు సొంత పేరు మీదో, భాగస్వామ్యం మీదో నడిచేవే. వాటికి ఈ చట్టం వర్తించదు. ఇవ్వాల్సిన కంపెనీ దొరికినా మీ సొసైటీకి మూడేళ్ల పని చరిత్ర, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) నమోదు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి. నిరుడు ఏడుగురు కలిసి రిజిస్టరు చేసుకున్న సంఘానికి ఆ తలుపు ఇంకా తెరుచుకోదు.

పన్ను మినహాయింపు ఆశ చూపించేటప్పుడూ జాగ్రత్త. నగదు 2,000 దాటితే 80జీ మినహాయింపు రాదు, వస్తువులిస్తే అసలే రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఓనరుకు ఏ రూపంలో ఇచ్చినా లేదు. ఇవి దాచి పెట్టి అడిగితే మరుసటి ఏడు ఆయన ఆడిటరే మిమ్మల్ని గడప తొక్కనివ్వడు.

అపోహ: ఏడాదిలో ఎప్పుడడిగినా ఒకటే.

మేత డీలరు అప్పుకిచ్చిన డబ్బు రొయ్యల పట్టుబడి అయ్యాకే తిరిగొస్తుంది. పంట మూడు నాలుగు నెలలు. మధ్యలో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు పడిందంటే ఆ డబ్బు ఆశ కూడా పోయినట్టే. ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు వేలం నడుస్తున్నన్నాళ్లు ఊళ్లో డబ్బు ఆడుతుంది. కాకపోతే అప్పుడు ఎవరికీ తీరిక ఉండదు. డబ్బు కావాలంటే పంట చేతికొచ్చాక వెళ్లండి, పని నేర్పే మేస్త్రీ సమయం కావాలంటే పని పలచబడ్డాక వెళ్లండి. ఈ రెండూ ఒకే నెలలో దొరకవు.

అపోహ: పిలకాయల్ని పనిలో పెడితే అదే శిక్షణ.

నష్టమంతా ఇక్కడే జరుగుతోంది. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం. 14 నుంచి 18 మధ్య వాళ్లను గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టకూడదు. చీమకుర్తి గ్రానైటు క్వారీ ఓనరు ఎంత మంచివాడైనా కుర్రాళ్లను గుంటలోకి దించే మాటే లేదు. ఆయన్ని అడగాల్సింది ఆఫీసులో కంప్యూటరు మీద లెక్కలు నేర్పించమని.

పని నేర్పడం అంటే ఏమిటో ఏరేటరు (రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం) మరమ్మతు షెడ్డులో చూడండి. తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు అడుగంటుతుంది. ఆ వేళకు ఏరేటరు ఆగితే రైతుకు గుండె ఆగినంత పని. ఫోన్లు వస్తుంటే మేస్త్రీ నేర్పుతూ కూర్చోడు, తనే విప్పి తనే బిగిస్తాడు. కుర్రాడు టీ తెస్తాడు, ఫ్లోట్లు కడుగుతాడు. నెలయ్యేసరికి మానేస్తాడు. తప్పు కుర్రాడిదీ కాదు, మేస్త్రీదీ కాదు.

అందుకే ఓనరును పదివేలు అడగొద్దు, మూలన పడున్న పాత 2 హెచ్‌పీ ఏరేటరు ఒకటి అడగండి. శిక్షణకు అదొక్కటే, రైతు సరుకు ముట్టుకోరు. ఒక మేస్త్రీకి నలుగురికి మించకూడదు. వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు, ఎనిమిది వారాలు.

మొదటి రెండు వారాలు విప్పడం, బోల్టులు విప్పిన వరసలోనే ట్రేలో పేర్చడం, భాగాల పేర్లు నోటుబుక్కులో రాసుకోవడం. తరువాత గేరుబాక్సు. ఆయిలు పాలలా తెల్లబారిందంటే సీలు పోయి నీళ్లు దిగాయన్నమాట. సీలు మార్చకుండా ఆయిలు మారిస్తే వారంలో మళ్లీ అదే కథ. బేరింగు తీయడానికి పుల్లరు వాడాలి, సుత్తితో కొడితే షాఫ్టు పోతుంది. చివర్లో మెగ్గరు, అంటే ఇన్సులేషను కొలిచే మీటరు: వైండింగుకూ బాడీకీ మధ్య 1 మెగాఓమ్ కంటే తక్కువ చూపితే ఆ మోటారుకు కరెంటు ఇవ్వకూడదు. పని బల్లకు 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. 18 నిండని వాళ్లు కరెంటున్న తీగ దగ్గరికే రాకూడదు.

అపోహ: అప్రెంటిస్‌లు పెద్ద ఫ్యాక్టరీలకే.

30 మంది, ఆపైన పనివాళ్లు ఉన్నచోట అప్రెంటిస్‌లను పెట్టుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉంటే ఓనరు ఇష్టం. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో ఒప్పందం నమోదైతే కేంద్ర పథకం కింద స్టయిపెండులో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయలు ప్రభుత్వం భరిస్తుంది. మైనరైతే సంరక్షకుడి సంతకం కావాలి. నమోదు చేయకుండా ‘అప్రెంటిస్’ అని పిలిస్తే అది పేరుకే.

అపోహ: ఓనరు ఊఁ అంటే పని అయినట్టే.

ఓనరు ఊఁ అన్నాడు, మేస్త్రీ అన్నాడా? నేర్పే రెండు గంటల్లో ఆయన కూలి తగ్గుతుంది. అది ఎవరిస్తారో ముందే తేలాలి. స్టాంపు కాగితం కంటే ఒక పేజీ తెలుగు కాగితం మేలు. నేర్పే మనిషి పేరు, రోజులు, గంటలు, కూలి లెక్క, పనిముట్టు విరిగితే ఎవరిది, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి, ఎవరి ఖర్చు, ఆడపిల్లలుంటే తోడుండే మహిళ ఎవరు, మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఇవన్నీ అందులో ఉండాలి. మేస్త్రీ సంతకం కూడా పెట్టించండి. దెబ్బ సంగతి రాయకపోతే మొదటి గాయంతోనే పొత్తు తెగుతుంది.

అపోహ: ఫ్లెక్సీ కడితే ఓనరు సంతోషిస్తాడు.

కొందరు సంతోషిస్తారు. అయితే అమ్మకాలు పెంచుకోవడానికి ఇచ్చిన స్పాన్సర్‌షిప్పును సీఎస్‌ఆర్ లెక్కలో వేయరు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫొటో ఎక్కడా వేయకూడదు. ఆ ఫ్లెక్సీ డబ్బుతో నాలుగు స్పానర్ సెట్లు వస్తాయి, వాటి పెట్టె మీద అంగడి పేరు రాయించండి.

హాజరు పుస్తకంలో కుర్రాళ్ల పేర్ల పక్కనే మేస్త్రీ పేరుకూ ఒక గడి గీయండి. రెండు వారాలు ఆ గడి ఖాళీగా కనిపిస్తే ఓనరు దగ్గరికి కాదు, ముందు మేస్త్రీ దగ్గరికి వెళ్లండి.