నందికొండ దగ్గర డ్యామ్‌, నాగార్జునుడి పేరు

‘సాగర్ గేట్లు ఎత్తారు’ అంటే ఏ సాగర్ అని తెలుగునాట ఎవరూ అడగరు, అది నాగార్జునసాగరే. అయితే కాగితాల మీద ఉన్నన్నాళ్లూ అది నందికొండ ప్రాజెక్టు. కృష్ణమ్మకు అడ్డుకట్ట వేయడానికి నల్లగొండ జిల్లాలోని నందికొండ అనువైన చోటని 1952లో ఖోస్లా కమిటీ చెప్పింది. దానికోసం పట్టుబట్టి తిరిగిన జమీందారు ముక్త్యాల రాజా అడిగిందీ ఆ ప్రాజెక్టునే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు.

నాగార్జున అన్న మాట ఎగువన ఉన్న నాగార్జునకొండ నుంచి వచ్చింది. అంటే డ్యామ్ ఏ లోయను ముంచిందో ఆ లోయ పేరే దానికి దక్కింది. 1926లో అక్కడ శిథిలాలు బయటపడ్డాయి. మునక ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. ఇటుక మెట్ల అరుగులు నాలుగు వైపులా ఉన్న రంగస్థలం, బౌద్ధ విహారాలు, నది ఒడ్డున రాతి మెట్ల ఘాట్ బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలను కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపుకి తరలించి మళ్లీ కట్టారు.

చిత్రమేమిటంటే, ఆ లోయను ఏలిన ఇక్ష్వాకు రాజుల శాసనాల్లో బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి ఊసే లేదు. వాటిలో కనిపించేది వాళ్ల రాజధాని విజయపురి, శ్రీపర్వతం. మహాచైత్యం అనే పెద్ద స్తూపం దగ్గరి స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరం, వాటిని నిలబెట్టించిన అతని మేనత్త చాంతిసిరి పేరు స్పష్టంగా ఉన్నాయి. నాగార్జునకొండ అనే పేరు మధ్యయుగంలో వచ్చింది. ఆచార్య నాగార్జునుడు అక్కడ ఉన్నాడన్నది సంప్రదాయం చెప్పే మాట, తవ్వకాల్లో తేలింది కాదు. సాక్ష్యాన్నే చూస్తే డ్యామ్‌కి విజయపురి పేరు పెట్టాల్సింది. కానీ జనం నోట నాగార్జునుడే ఉన్నాడు మరి!

1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ జవహర్, ఎడమ కాలువ లాల్ బహదూర్ అయ్యాయి. రైతులు మాత్రం కుడికాలువ, ఎడమకాలువ అనే అంటారు.

పాత రాజధాని పేరు చివరికి డ్యామ్ కాలనీలకు దక్కింది: ఇటు విజయపురి నార్త్, అటు విజయపురి సౌత్. 2018లో తెలంగాణ వైపు కాలనీలు మున్సిపాలిటీ అయినప్పుడు దానికి నందికొండ అని పేరు పెట్టారు. అవతలి ఒడ్డున విజయపురి సౌత్ అలాగే ఉంది. నాగార్జునకొండ మ్యూజియానికి ఏపీ పర్యాటక లాంచీలు అక్కడి నుంచే బయల్దేరతాయి.