గ్వాష్ రంగులు: అపోహలు, వాస్తవాలు

గ్వాష్ అంటే నీళ్లతో కలుపుకుని వాడే, కింద ఉన్నదాన్ని కప్పేసే రంగు. మామూలు వాటర్ కలర్‌లో ఉండేవే ఇందులోనూ ఉంటాయి: రంగు పొడి, తుమ్మజిగురు, నీళ్లు. బొమ్మలు వేసేవాళ్లలో కూడా దీని గురించి వింత నమ్మకాలు చాలానే ఉన్నాయి.

అపోహ: వాటర్ కలర్‌లో తెలుపు కలిపితే గ్వాష్ అయిపోతుంది.

పూర్తిగా తప్పని అనలేను. పాతకాలపు చిత్రకారులు అలా కలుపుకుని వాడినవాళ్లే. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1502లో వేసిన కుందేలు బొమ్మలో కింది కాగితం కనిపించే పల్చని పూతలూ, దాన్ని కప్పేసే రంగూ రెండూ ఉన్నాయి. అయితే ఇప్పుడు ట్యూబుల్లో దొరికే మంచి గ్వాష్‌కి ఆ కప్పేసే గుణం తెలుపు వల్ల రాదు, రంగు పొడి బాగా ఎక్కువగా ఉండటం వల్ల వస్తుంది. చవక రకాల్లో మాత్రం సుద్ద లాంటివి కలుపుతారు. ఎరుపులో తెలుపు కలిపితే మీకు దక్కేది గులాబీ రంగే. మంచి గ్వాష్‌లో ఎరుపు ఎరుపుగా ఉంటూనే కింది పూతను కప్పుతుంది. అలాగని ట్యూబు మీద గ్వాష్ అని రాసి ఉంటే చాలదు. కొన్ని పిగ్మెంట్లు, అంటే రంగు పొడులు, స్వభావరీత్యా పారదర్శకం, అవి ఏ కంపెనీవైనా అరకొరగానే కప్పుతాయి.

అపోహ: తప్పు పోతే ఏముంది, పైన ఇంకో పూత వేస్తే సరి.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తుమ్మజిగురు ఎండిపోయాక కూడా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. తడి బ్రష్‌తో రెండుసార్లు రుద్దారంటే కింది రంగు లేచి పైదాంట్లో కలిసిపోతుంది, అంతా బురద. కింది పూత పూర్తిగా ఆరనివ్వాలి. పై పూతలో నీళ్లు తగ్గించి, ఒక్క స్ట్రోక్‌తో వేసి, చెయ్యి తీసేయాలి. సరిగ్గా పడలేదనిపించినా వెంటనే దిద్దకండి. మందంగా దట్టిస్తే మరో ఇబ్బంది: ఆరాక పగుళ్లు వస్తాయి. ఈ కరిగే గుణమే ఇష్టమని గ్వాష్ పట్టుకున్నవాళ్లూ ఉన్నారు, నేనూ ఆ బాపతే. ఎండిన అంచుని తడి బ్రష్‌తో మెత్తబరచడం ఇందులో ఎంతో సులువు. అది వద్దనుకుంటే అక్రిలిక్ గ్వాష్ ఉంది. పేరు దగ్గరగా ఉన్నా అది వేరే జాతి, ఒకసారి ఎండితే కరగదు. కొనేముందు లేబుల్ చదవండి.

అపోహ: పాలెట్‌లో కనిపించిన రంగే కాగితం మీద వస్తుంది.

రాదు. సాధారణంగా లేత రంగులు ఆరాక కాస్త ముదురుతాయి, ముదురు రంగులు కాస్త తేలిపోతాయి. ముక్క కాగితం మీద పూసి, ఆరాక చూసుకోవడం ఒక్కటే దారి. నిన్నటి చర్మం రంగుని ఇవాళ మళ్లీ కలపడం నిజంగా తలనొప్పే, అందుకే ముందే ఎక్కువ కలిపి పెట్టుకుంటాను.

అపోహ: పోస్టర్ కలర్, గ్వాష్ ఒకటే.

దగ్గరి చుట్టాలు, అంతే. పోస్టర్ కలర్‌లో చవక పిగ్మెంట్లు ఎక్కువ, వెలుతురుకి త్వరగా వెలిసిపోవచ్చు. అయితే గ్వాష్‌లోనూ అలాంటివి ఉన్నాయి. ప్రింటుకి వెళ్లే డిజైన్ల కోసం తయారైన కొన్ని మెరుపు గులాబీలు, ఊదాలు గోడ మీద నిలవవు. ప్రింటు వచ్చాక అసలు బొమ్మతో డిజైనర్‌కి పని లేదు కదా! లైట్‌ఫాస్ట్ రేటింగ్, అంటే రంగు వెలుతురుకి ఎంతగా తట్టుకుంటుందో చెప్పే గుర్తు, చూసి కొనండి. పోస్టర్ కలర్‌ని చిన్నచూపు చూడనక్కర్లేదు, జపాన్ యానిమేషన్ నేపథ్యాలు ఎన్నో దాంతో వేసినవే.

అపోహ: ఇది ప్రాక్టీసుకే, సీరియస్ కళకి ఆయిల్ ఉండాలి.

మొఘల్, పహాడీ సూక్ష్మచిత్రాలు దాదాపు అన్నీ ఈ కోవకే చెందుతాయి. మ్యూజియం లేబుళ్లలో వాటిని ఓపేక్ వాటర్ కలర్, అంటే కింద ఉన్నదాన్ని కప్పేసే నీటి రంగు, అనే రాస్తారు. ఫ్రెంచ్ చిత్రకారుడు మతిస్ చివరి రోజుల్లో కత్తిరించి అతికించిన రంగు కాగితాలకు పూసింది కూడా గ్వాషే.

అపోహ: వార్నిష్ కొడితే బొమ్మ భద్రం.

గ్వాష్ అందమంతా ఆ మెరుపు లేని పొడి ఉపరితలంలోనే ఉంది. వార్నిష్ పడితే రంగులు ముదిరిపోతాయి, తెలుపు కలిపిన చోట్ల మరకలు కట్టవచ్చు, వెనక్కి తీసే వీలుండదు. చుట్టూ మౌంట్ (మందపాటి అట్ట అంచు) పెట్టి, బొమ్మ అద్దానికి తగలకుండా ఫ్రేమ్ కట్టించండి.