తొండ ముదరడం కాదు, తగ్గడం

ఎల్ నినో అంటే పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలు కన్నా వేడెక్కడం. ఆ మాట వినగానే అనంతపురం రైతు గుండెలో రాయి పడుతుంది. తిరుపతి, చిత్తూరు వైపు లెక్క కొంచెం వేరు. నైరుతి ముఖం చాటేసినా, అలాంటి ఏడాదుల్లో ఈశాన్య రుతుపవనాలు చాలాసార్లు దండిగానే కురుస్తాయి. మన చెరువులు తెగేంత వానలు పడిన 2015 కూడా ఎల్ నినో ఏడాదే.

పసిఫిక్‌కు అవతల, ఈక్వడార్‌కు చెందిన గాలపాగోస్ దీవుల్లోనూ అప్పుడు వానలు కుమ్మరిస్తాయి. నేలంతా పచ్చబడుతుంది. కరువు వచ్చేది సముద్రం లోపల.

సముద్ర ఇగ్వానా అనే బల్లిజాతి జీవి అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. చూపుకు మన ఉడుముకు దగ్గర చుట్టంలా ఉంటుంది గానీ మాంసం ముట్టదు. రాళ్లకు పట్టిన ఎర్ర, ఆకుపచ్చ నాచే దాని మేత. అడుగు నుంచి చల్లటి నీళ్లు పోషకాలను పైకి తెస్తేనే ఆ నాచు బతుకుతుంది. నీళ్లు వేడెక్కితే ఆ సరఫరా తగ్గిపోతుంది. మంచి నాచు పోయి, అరగని గోధుమరంగు నాచు పెరుగుతుంది. 1982-83 ఎల్ నినోలో ఎన్నో ఇగ్వానాలు పొట్ట నిండా మేత ఉండగానే ఆకలితో చచ్చిపోయాయి.

ముందు పోయేవి పెద్దవే. ఒళ్లు పెరిగినంతగా కొరుకుడు పెరగదు. నాచు పొట్టిగా ఉన్నప్పుడు గంటలకొద్దీ గీకినా ఆ శరీరానికి చాలదు. మరి బతికి బయటపడ్డవి ఏం చేశాయి? పొట్టివయ్యాయి! బక్కచిక్కడం సంగతి కాదు నేను చెబుతున్నది, పొడవే తగ్గింది. మార్టిన్ వికెల్‌స్కీ, కోరిన్నా థామ్ అనే శాస్త్రవేత్తలు 2000లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. రెండేళ్లలో కొన్ని 6.8 సెంటీమీటర్ల దాకా, అంటే ఒంటి పొడవులో 20 శాతం దాకా తగ్గాయి. కొలతలో తేడా అని కొట్టిపారేయడానికి వీల్లేనంత తేడా ఇది. కీళ్ల దగ్గరి మెత్తటి మృదులాస్థి ఎండి కుదించుకుపోయినా ఇంత తగ్గదు కాబట్టి ఎముకే కరిగి ఉండాలని వాళ్ల అంచనా. ఎక్కువ తగ్గినవే ఎక్కువ కాలం బతికాయి. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు మనవాళ్లు. ఇక్కడ ముదిరినది వెనక్కి తగ్గి ప్రాణం కాపాడుకుంటోంది.

నాచు మళ్లీ మొలిస్తే ఇవి మళ్లీ పొడవవుతాయి. నాకు ఎముక కరగడం కన్నా ఈ తిరిగి పెరగడమే పెద్ద వింత. ఎదిగాక మన ఎముకలకు పొడవు పెరిగే వీలు లేదు కదా!

అయితే ఈ ఉపాయమంతా మంచి రోజులు తిరిగొస్తాయన్న లెక్క మీదే నడుస్తోంది. కరిగిన ఎముక కట్టుకోవడానికి మధ్యలో చల్లటి ఏళ్లు కావాలి. భూమి వేడెక్కేకొద్దీ తీవ్రమైన ఎల్ నినోలు తరచుగా రావచ్చని చాలా వాతావరణ నమూనాలు చెబుతున్నాయి. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు మేత కోసం వందల కిలోమీటర్లు ఈదిపోగలదు. ఇగ్వానాకు మాత్రం తన దీవి ఒడ్డున ఉన్న రాళ్లే గతి.