విప్పి బాగుచేసుకోగల పనిముట్టు: చవక సాగు ఆలోచన నడిచిన దారి

పేద రైతుకు తక్కువ ఖర్చుతో సాగు చేసే దారి చూపాలి, చవకైన పనిముట్లు అందించాలి అన్న మాట ఇవాళ ప్రభుత్వాల నోటా, స్వచ్ఛంద సంస్థల నోటా తరచుగా వినిపిస్తోంది. ఆ మాటకు అరవై ఏళ్లకు మించిన చరిత్ర ఉంది. ఈ కాలంలో వచ్చిన పనిముట్లలో తరాలపాటు నిలిచినవి ఉన్నాయి, రెండు మూడేళ్లకే తుప్పుపట్టి మూలపడ్డవీ ఉన్నాయి. చెడిపోయిన రోజున దాన్ని ఎవరు విప్పి బాగుచేయగలరన్నదే, ధర కంటే ఎక్కువగా, వాటి ఆయుష్షును నిర్ణయించిందని నా నమ్మకం.

ఈ ఆలోచన ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు ఎరువు సంగతి చూడాలి. గాలిలోని నత్రజనిని, రసాయన ఎరువులకు మూలమైన అమ్మోనియాగా మార్చవచ్చని 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ చూపించగా, 1913లో జర్మనీలోని ఒప్పౌలో కార్ల్ బాష్ ఆధ్వర్యంలో అమ్మోనియా కర్మాగారం పని మొదలుపెట్టింది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఎక్కువ దిగుబడినిచ్చే ఐఆర్ 8 వరి వంగడాన్ని విడుదల చేసింది. పొట్టి గోధుమ రకాలపై కృషి చేసిన నార్మన్ బోర్లాగ్‌కు 1970లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కోట్ల మంది కడుపు నింపిన ఆ కృషిని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అయితే ఆ దిగుబడి విత్తనం, ఎరువు, నీరు, పురుగుమందు కలిసివచ్చినప్పుడే వచ్చేది, వాటిలో చాలా భాగాన్ని డబ్బు పెట్టి కొనాలి. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగి, వాటితోపాటు ఎరువుల ధరలూ ఎగబాకినప్పుడు, అప్పు చేసి సాగు చేసే చిన్న రైతు ఎంత సన్నని తాడు మీద నడుస్తున్నాడో ప్రపంచానికి తెలిసింది.

మరో దారి అప్పటికే ఉంది. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేస్తూ, చెత్తా చెదారాన్ని, పశువుల పేడను పొరలుగా పేర్చి, అప్పుడప్పుడు తిరగవేసి, మూడు నెలల్లో ఎరువుగా మార్చే పద్ధతిని రూపొందించాడు. ఆసియా రైతులు తరతరాలుగా చేస్తున్నదాన్ని చూసి నేర్చుకున్నానని ఆయన దాచుకోకుండా ఒప్పుకోవడం నాకు గౌరవంగా అనిపిస్తుంది.

పనిముట్ల వైపు ఈ ఆలోచనకు రూపమిచ్చినవాడు ఆర్థికవేత్త ఇ.ఎఫ్. షూమాకర్. 1955లో బర్మా ప్రభుత్వానికి సలహాదారుగా వెళ్లిన ఆయన, పారకూ ట్రాక్టరుకూ మధ్య పేదలు కొనగలిగే, వాళ్లే నడుపుకోగలిగే సాధనాలు లేకపోవడమే అసలు లోటని క్రమంగా గ్రహించి, 1966లో లండన్‌లో మధ్యస్థాయి సాంకేతికత కోసం ఒక సంస్థను నెలకొల్పాడు.

ఆ లోటును బాగా పూడ్చిన పనిముట్టు బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ ప్రాంతంలో పుట్టింది. 1970ల చివర్లో నార్వే ఇంజనీరు గున్నార్ బార్న్స్ రూపొందించిన తొక్కుడు పంపులో పక్కపక్కన నిలబెట్టిన రెండు రేకు గొట్టాలు, వాటిలో రెండు పిస్టన్లు, పిస్టన్లకు తగిలించిన రెండు పొడవాటి వెదుళ్లు, ఆ వెదుళ్లను కప్పీ మీదుగా కలిపే ఒక తాడు ఉంటాయి. వెదురు పందిరిని పట్టుకుని, మెట్లెక్కుతున్నట్టు ఒక కాలి తర్వాత ఒక కాలు వేస్తుంటే, ఒక పిస్టన్ దిగుతున్నప్పుడు రెండోది లేస్తూ నీరు తెగకుండా వస్తుంది. చేతిపంపు కొట్టడానికి భుజబలం కావాలి గాని, దీనికి ఒంటి బరువూ కాళ్ల సత్తువా చాలు. వెదురు విరిగితే పొదలోంచి ఇంకోటి నరికి తెచ్చుకోవచ్చు, గొట్టాలు ఊరి పక్క వెల్డింగు కొట్టులోనే తయారవుతాయి. దీన్ని ఉచితంగా పంచకుండా చిన్న వ్యాపారుల ద్వారా అమ్మించారు, బంగ్లాదేశ్‌లోనే పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. పీల్చే పంపు కనుక సుమారు ఏడు మీటర్ల లోతు దాటితే దీనికి నీరందదు. భూగర్భ జలం పైపైనే ఉండే డెల్టా నేల దానికి కలిసివచ్చింది.

బోరింగు కథ ఇంకో పాఠం చెబుతుంది. ఒక ఇంటి వాడకానికి తయారైన పోత ఇనుము పంపులను ఊరంతటికీ పెట్టడంతో భారతదేశంలో అవి పెద్ద సంఖ్యలో చెడిపోగా, సోలాపూర్‌లో తయారైన గట్టి నమూనాను ఆధారం చేసుకుని, యునిసెఫ్ సహకారంతో 1970లలో ఇండియా మార్క్ 2 అనే చేతిపంపు వచ్చింది. అది గట్టిదే. కాని లోపలి వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి, దానికి పట్టణం నుంచి వ్యానులో మనుషులు రావాలి, అంతవరకు ఊరికి ఎదురుచూపులే. 1981-90 అంతర్జాతీయ తాగునీటి దశాబ్దంలో జరిగిన ప్రయోగాల తర్వాత వచ్చిన మార్క్ 3లో పైపును వెడల్పు చేశారు. దాంతో పైపులు కదపకుండానే పిస్టన్‌ను పైకి తీసి, ఊళ్లోవాళ్లే వాషరు మార్చుకునే వీలు కలిగింది.

ఆ అనుభవం కళ్లముందు ఉండగానే, 2000ల తర్వాత ఆఫ్రికా దక్షిణ దేశాల్లో పిల్లలు రంగులరాట్నం తిప్పితే నీరు పైకి వచ్చే పంపులు భారీ విరాళాలతో వెలిశాయి. పిల్లలు లేని వేళ ఆ బరువైన చక్రాన్ని వంగి తిప్పుతున్న ఆడవాళ్ల గురించి దాతలెవరూ ముందుగా ఆలోచించలేదు. విడిభాగాలు దొరకక చాలాచోట్ల అవి ఆగిపోయాయి.

బుర్కినా ఫాసోలోని యాతెంగా ప్రాంతంలో యాకూబా సవడోగో అనే రైతు కొనుగోలుతో పనిలేని దారి తీశాడు. 1980ల తొలినాళ్ల కరవులో, పైపొర పెచ్చుకట్టి వాన నీరు ఇంకని నేలలో, పూర్వం నుంచి ఉన్న జాయ్ అనే గుంటల పద్ధతిని మార్చి, గుంటలను పెద్దవి చేసి ఎండాకాలంలోనే పశువుల ఎరువు వేశాడు. ఎరువు కోసం వచ్చిన చెదపురుగులు నేలను తొలిచి దారులు చేస్తే, తొలకరి నీరు ఆ దారుల్లో దిగి జొన్న, సజ్జ మొక్కలకు చెమ్మ నిలిపింది. పిచ్చివాడన్న ఇరుగుపొరుగు రైతులే తర్వాత ఆయన దగ్గర నేర్చుకున్నారు. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం దక్కింది. అయితే ఎండలో గట్టి నేలను వేల గుంటలుగా తవ్వే కష్టానికి ఎవరూ కూలి కట్టరు. 1983లో మడగాస్కర్‌లో క్రైస్తవ మతాచార్యుడు హెన్రీ ద లోలానీ రూపొందించిన, లేత నారును దూరదూరంగా నాటే శ్రీ వరి పద్ధతిలోనూ విత్తనం, నీరు బాగా ఆదా అవుతాయి; నీరు నిలవని మడిలో కలుపు పెరిగి పని ఎక్కువవుతుంది. దాని దిగుబడి లెక్కలపై శాస్త్రవేత్తలు తీవ్రంగా వాదించుకున్నంతగా ఈ పని భారం గురించి పట్టించుకోలేదు.

ఇప్పుడు సోలారు పంపుల వంతు వచ్చింది. పలకలు పాతికేళ్లు పనిచేస్తాయి గాని, మోటారును నడిపించే కంట్రోలరు అంతకు చాలా ముందే పాడవుతుంది, దాన్ని విప్పి చూడగల మనిషి చాలా ఊళ్లలో ఇంకా లేడు. పైగా ఇంధన ఖర్చు లేకుండా నీరు వస్తుంటే ఎప్పుడు ఆపాలో చెప్పే ధర కూడా ఉండదు. పంపుతోపాటు మరమ్మతు నేర్పడానికీ, భూగర్భ జలమట్టం కొలవడానికీ నిధులు కేటాయించారా లేదా అన్నది ప్రతి పథకంలోనూ ముందుగా చూడవలసిన పద్దు.